పెట్టె లేని వేట

యూటా రాష్ట్రమునందలి ఆర్చెస్ జాతీయవనమునకు బోయితిమి. ఎవరో దాచిన బొమ్మల పెట్టెను ఫోనులోని గుర్తులనుబట్టి వెదకు జియోకాషింగ్ వేడుక మా మనుమనికి ప్రాణము. 2000 సంవత్సరమున ఆరిగన్ రాష్ట్రములో నొకరు పాతిన బకెట్టుతో నిది పుట్టినది. ఇచ్చటను పెట్టె యుండునని వాడు దారి విడువబోగా, చేయి పట్టి యాపితిని. అచ్చటి నల్లని గరుకు నేల వట్టి మన్ను గాదు. నాచును, కంటి కగపడని జీవులును అల్లిన సజీవమైన పొర. ఒక్క యడుగు పడినను మరల గూడుటకు దశాబ్దములు పట్టవచ్చును. పెట్టెకొఱకు త్రవ్వినచో నిక జెప్పవలెనా! అందుచే త్రవ్వుట అచ్చట నిషిద్ధము.

పెట్టె లేని వేటయు గలదు. 2004లో బుట్టిన ఎర్త్‌కాష్ నందు, చెప్పిన తావు జేరి, రాతిని బరికించి ప్రశ్నలకు బదులు వ్రాయవలెను. "బొమ్మయైన దొరకదే!" యని వాడు మూతి ముడిచెను. సాయంకాలము ఎఱ్ఱని రాతితోరణము క్రింద మాత్రము, "అమ్మమ్మా! ఈ రాళ్ల అడుగున ఉప్పుపొర ఉన్నదట. అది కదలగా పైరాయి బీటలువారినదట!" అని నాకే పాఠము చెప్పెను.