ఎడమవైపు అద్దం

నా నవలల్లో కారు అద్దాలు ఎన్నడూ మొరాయించలేదు. వానలో తడుస్తున్న అమ్మాయి పక్కన హీరో కారు ఆపుతాడు. అద్దం మెత్తగా దిగుతుంది. "ఎక్కండి" అంటాడు. కథ నడిచిపోతుంది. దిగిన ఆ అద్దం మళ్ళీ పైకెలా వెళ్ళిందో నేనూ రాయలేదు, పాఠకులూ అడగలేదు.

మొన్న శ్రావణమాసంలో దేవుడే అడిగాడు.

మాది పాత కారు. నాన్నగారు 2003లో రిటైరయ్యాక ముచ్చటపడి కొన్నది. ఆయన పోయి రెండేళ్ళయింది. అమ్మ ఇప్పటికీ ముందు సీట్లో ఎడమవైపే కూర్చుంటుంది. ఏసీ పడదు, అద్దం దించుకుంటేగాని ఊపిరాడదు. ఆ రోజు గుడి దగ్గర పూలకోసం దించింది. పూలు లోపలికొచ్చాయిగాని అద్దం పైకి రాలేదు. మీట నొక్కితే చిన్న చప్పుడైనా లేదు. ఇంతలో వాన! పాపం, కొంగు అడ్డం పెట్టుకుని ఇంటిదాకా తడిసింది.

మావారు తువ్వాలు అందిస్తూ, "ఇక దీన్ని వదిలించుకుందాం" అన్నారు. మర్నాడు చూపించినచోట "మోటారు పోయింది, మొత్తం మార్చాల్సిందే" అని చెప్పిన అంకె ఆ మాటకు మరింత బలమిచ్చింది. అమ్మ "మీ ఇష్టం" అంది. అమ్మ "మీ ఇష్టం" అందంటే అది ఆవిడకి ఇష్టం లేదని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

నేను చదివింది బి.ఏ. కరెంటుతో నా పరిచయం బిల్లు కట్టడం వరకే. అయినా పట్టుదలగా బెజవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళాను. అమ్మా వస్తానంది.

అక్కడ ఓ పెద్దాయన మీట నొక్కి చెవి పెట్టి విన్నాడు. "చప్పుడొస్తూ అద్దం కదలకపోతే లోపల కేబులో, పళ్ళచక్రమో పోయినట్టమ్మా. చప్పుడే లేదంటే ముందు కరెంటు అందుతోందా లేదా చూసుకోవాలి. మోటారు మార్చడం ఆఖరి మాట."

ఫ్యూజు చూశాడు, బాగుంది. వెనక తలుపు మీట తెచ్చి పెట్టాడు, ఫలితం లేదు. తలుపు లోపలి అట్ట ఊడదీసి, మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు తగిలించాడు. అద్దం గునుస్తూ గునుస్తూ పైకెక్కింది! తీగలు అటూ ఇటూ మార్చి పెడితే కిందికి దిగింది.

"మోటారు నిక్షేపంలా ఉంది" అంటూ తలుపుకీ బాడీకీ మధ్యనుండే రబ్బరు తొడుగు లాగి చూపించాడు. ఒక తీగ లోపల రాగి పుటుక్కున తెగి ఉంది.

"తలుపు తీసి వేసినప్పుడల్లా ఇక్కడే వంగుద్దమ్మా. డ్రైవరు వైపుది ఇదివరకే తెగితే అతుకేశారు. దీన్ని కూడా దానంతగా తీసుంటారు. వెనకవి చూడండి, కొత్తవాటిలా ఉన్నాయి."

స్టూలు మీద కూర్చున్న అమ్మ మెల్లగా, "ఆయనే" అంది.

నాన్నకు ఆ అలవాటుండేది. ఎక్కడ ఆగినా ముందు తాను దిగి, చుట్టూ తిరిగొచ్చి అమ్మకి తలుపు తీసేవారు. మేం నవ్వేవాళ్ళం. "నాకు తలుపు తీయడం రాదనుకుంటారండీ ఊళ్ళో" అని అమ్మ విసుక్కునేది. ఇరవయ్యేళ్ళ ఆ మర్యాదకి రాగి తీగ అరిగిపోయింది.

పెద్దాయన తెగిన ముక్క తీసేసి, మెత్తటి కొత్త తీగ వేశాడు. అతుకులు వంపులో పడితే మళ్ళీ తెగుతుందట. వాటిని పక్కకి జరిపి టంకం పెట్టి, పైన తొడుగేశాడు. తలుపు లోపలి ప్లాస్టిక్ కాగితాన్ని జాగ్రత్తగా అతికించాడు, లేకపోతే వాననీళ్ళు లోపలికి కారతాయట. అద్దం జారే రబ్బరుకి సిలికాన్ కొట్టి, "గ్రీజు మాత్రం పెట్టకండి, దుమ్ము పడుద్ది" అన్నాడు. మొత్తం ఖర్చు నా నవల మూడు కాపీల వెల దాటలేదు.

దారి పొడుగునా అమ్మ మీట నొక్కుతూ అద్దాన్ని దించడం, ఎక్కించడం! నేను వద్దనలేదు.

ఇంటి ముందు కారాపాను. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అర్థమైంది. దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తీశాను.

"నాకు చేతుల్లేవుటే?" అంటూ దిగింది.

ఆ తీగ మళ్ళీ తెగడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టాలని మనసులోనే మొక్కుకున్నాను.