పాప పళ్లకు క్లిప్పులు

మన క్యాంపులో ఎవరింటి ఖర్చు ఏమిటో అందరికీ తెలుసు. చిట్టీ, వడ్డీ, బోరు, స్కూలు ఫీజు, చెల్లెలి పెండ్లి. ఈమధ్య వీటికి ఇంకొకటి తోడయింది. అదే పిల్లల పళ్లకు క్లిప్పులు. పోయిన నెలలోనే ఇద్దరు అన్నలు నా దగ్గరికొచ్చి దీని గురించి అడిగారు. "మన తాతలకు ఎత్తు పళ్లు లేవా తమ్మీ? వాళ్లు బతకలేదా? ఇన్ని వేలు పోసి తీగలు కట్టించాలా?" అన్నాడు ఒకాయన.

నేను డాక్టరును కాను. ఇంటర్ చదివి, ఇక్కడ దుబాయ్‌లో టైంషీట్లు రాసుకునే క్లర్కును. మా పాపకు క్లిప్పులు పెట్టించి ఏడాది దాటింది. ఆ అనుభవంతో నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది జగిత్యాల దగ్గర ఊరు. పాపకు ఇప్పుడు 12 ఏళ్లు. పై పళ్లు ముందుకు వచ్చాయి, కింది పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బోటిమ్‌లో మాట్లాడేటప్పుడు నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. బడిలో పిల్లలు పళ్ల మీద పేరు పెట్టి పిలుస్తున్నారని వాళ్లమ్మకు కూడా చెప్పలేదు. ఒక రాత్రి నాకు చెప్పి ఏడ్చింది. ఇంట్లో పెద్దలు "పెండ్లి నాటికి చూద్దాం లే" అన్నారు. పెండ్లి సంగతి తర్వాత, బిడ్డ ఇప్పుడు నవ్వాలి కదా అనిపించింది నాకు.

ఇది అందం కోసమే కాదని డాక్టరు చెప్పాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన పళ్ల సందుల్లోకి బ్రష్షు పోదు, అక్కడ పుచ్చు పడుతుంది. ముందుకు వచ్చిన పళ్లు పిల్లలు కింద పడితే తొందరగా విరుగుతాయి. పాలపళ్లు చాలావరకు ఊడి, అసలు పళ్లు వచ్చిన వయసులో, అంటే 10 నుంచి 14 ఏళ్ల మధ్య, ఎక్కువ మందికి క్లిప్పులు వేస్తారు. 7 ఏళ్లకే ఒకసారి చూపించడం మంచిదని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతోంది. బొటనవేలు చప్పరించే అలవాటున్నా, పాలపన్ను ముందే పోయి పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతున్నా, అప్పుడే తెలుస్తుంది. పెద్దయ్యాక కూడా వేయించుకోవచ్చు.

ఇన్ని నెలలు ఎందుకు పడుతుందని నేనూ అడిగాను. ఒక్కో పన్నుకు చిన్న లోహపు ముక్క అతికించి, వాటి మీదుగా తీగ బిగిస్తారు. తీగ నెమ్మదిగా పన్నును నెడుతుంది. పన్ను జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక వస్తుంది. ఎముక తొందరపెడితే వినదు. అందుకే మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి పోవాలి. క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ పాత చోటికి పోవాలని చూస్తాయి. అందుకని రిటైనర్ అనే పట్టీని చాలాకాలం పెట్టుకోవాలి.

మా రూములో ఒక అన్న కొడుక్కు కూడా ఇలాగే మొదలుపెట్టించాడు. మధ్యలో ఆయన కాంట్రాక్టు అయిపోయింది, జీతం ఆగింది. డబ్బు కట్టలేక పిల్లవాణ్ణి క్లినిక్కుకు పంపలేదు. ఎనిమిది నెలలు తీగలు నోట్లోనే ఉండిపోయాయి. సరిగ్గా తోమకపోవడంతో పళ్ల మీద తెల్ల మచ్చలు పడ్డాయి, రెండు పుచ్చిపోయాయి. క్లిప్పులు వేయించకపోవడం కంటే వేయించి సగంలో వదిలేయడం ఎక్కువ నష్టమని ఆ పిల్లవాణ్ణి చూశాక తెలిసింది.

అందుకే ముందు లెక్క చూసుకోవాలి. మొత్తం ఎంత? అందులో ఎక్స్‌రేలు, పన్ను తీయాల్సి వస్తే ఆ ఖర్చు, రిటైనర్ కలిసి ఉన్నాయా? ముక్క ఊడితే మళ్లీ డబ్బు తీసుకుంటారా? వాయిదాల్లో కట్టవచ్చా? వైద్యం చేసేది ఎవరు? బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్లు దీని నిపుణులు. చిన్న ఊళ్లలో కొన్ని క్లినిక్కులకు వాళ్లు నెలలో ఒకటి రెండు రోజులే వస్తారు. ఆ రోజులు ముందే రాసుకోవాలి.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ అడిగి చూడండి. అయితే దారి ఖర్చు కూడా లెక్కలో వేయాలి. మాకు హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. పోయిన రోజల్లా నా భార్యకు బీడీల పని పోతుంది, పాపకు బడి పోతుంది. అందుకని 50 కిలోమీటర్లలో ఉన్న కరీంనగర్‌లో చూపించాం. మామూలు లోహపు క్లిప్పులకు 38 వేలు అన్నారు. మొదట 10 వేలు, తర్వాత నెలకు 2 వేల చొప్పున 14 నెలలు. పంటి రంగులో కలిసిపోయే సిరామిక్‌వి ఇంకా ఎక్కువ, వద్దన్నాం.

దూరాన ఉన్న తండ్రి డబ్బు పంపడంతో పాటు ఇంకో పని చేయవచ్చు. తీగ బిగించిన రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, మెత్తగా జావ, పెరుగన్నం పెట్టమని చెప్పాలి. బుగ్గ లోపల గీసుకుంటే డాక్టరు ఇచ్చిన మైనం పెట్టుకోవాలి. తిన్న ప్రతిసారీ తోమాలి. సకినాలు, చెరకు, మక్క కంకులు, పల్లీపట్టీ వంటి గట్టివి కొరకకూడదు. మనం ఇక్కడి నుంచి కార్టన్లలో పంపే జిగట టాఫీలు కూడా పనికిరావు. ఈసారి మా కార్టన్‌లో చిన్న బ్రష్షులు పెట్టాను. సంక్రాంతికి "డాడీ, ఒక్క సకినం" అని అడిగింది. "చిదిపి పాలల్లో నానబెట్టుకుని తిను బిడ్డా" అన్నాను. అలాగే తిన్నది.

ఇప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వుతుంది, తీగలన్నీ కనిపిస్తాయి. బడిలో ఇంకో ఇద్దరికి క్లిప్పులున్నాయట, ముగ్గురూ జట్టు.

అన్నలారా, నెల నెలా ఆ వాయిదా పక్కన పెట్టగలం, బిడ్డను తీసుకుపోవడానికి ఇంట్లో మనిషి ఉంది అనుకుంటే మొదలుపెట్టండి. కాంట్రాక్టు అయిపోవడానికి వస్తే, లేదా నెత్తిన వడ్డీ ఉంటే, డాక్టరును అడిగి ఏడాది ఆగండి. పళ్లు ఎక్కడికీ పారిపోవు. అంతవరకు బిడ్డ నవ్వు మీద ఇంట్లోవాళ్లెవరూ జోకులు వేయకుండా మాత్రం చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.