14 వేల కిలోమీటర్లు.. ఎన్ని గంటలు?

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమో ఫోన్‌లో కొట్టి చూడండి. దాదాపు 14 వేల కిలోమీటర్లు అని వెంటనే వస్తుంది. భూమి చుట్టుకొలతే 40 వేలు. అంటే అందులో మూడో వంతు కంటే ఎక్కువే. గంటకు 900 చొప్పున భాగిస్తే పదిహేనున్నర గంటలు. లెక్క సింపుల్‌గానే ఉంది. విమానం మాత్రం ఈ లెక్క వినదు.

గోడ మీద మ్యాప్ చూసి, పసిఫిక్ మీదుగా అడ్డంగా వెళ్తుందనుకుంటాం. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం లాగి చూడండి. అది చైనా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ అంచుదాకా ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది. దగ్గరి దారి అదే. కానీ పైన గాలి పడమర నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంటుంది. అందుకే అటు వెళ్లడానికి 16 గంటలైతే, ఇటు రావడానికి 17 దాటుతుంది.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటి డైరెక్ట్ ఫ్లైట్‌ని కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చింది. పైలట్లంతా మహిళలే. అక్కడ 9వ తేదీ రాత్రి ఎక్కినవాళ్లు ఇక్కడ 11 తెల్లవారుజామున దిగారు. 10వ తేదీ గాల్లోనే అయిపోయింది.

ఇదంతా నాకు సరదా జీకేగా ఉండేది, మా అవ్వ పోయేదాకా.

మాది అనంతపురం దగ్గర పల్లె. నేను బెంగళూరులో, అన్న శాన్ హోసేలో. పొద్దు వాలకముందే కానిచ్చేద్దామన్నారు పెద్దలు. అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "వాడు రావాలంటే ఎంతసేపు పడతాదిరా?"

టికెట్ దొరికి ఫ్లైట్ ఎక్కేసరికి 12 గంటలు. గాల్లో పదిహేడున్నర. ఇమిగ్రేషన్, లగేజీ గంటన్నర. ఎయిర్‌పోర్టు మావైపు హైవే మీదే ఉంది కాబట్టి ఊరికి మూడు గంటలు. మొత్తం 34.

"రానీ. అంతవరకూ ఆగుదాం" అంది అమ్మ. టౌన్ నుంచి ఫ్రీజర్ బాక్స్ వచ్చింది. కరెంటు పోతే ఎట్లా అని జనరేటర్ కూడా తెచ్చారు. మర్నాడు రాత్రి ఎనిమిదికి అన్న దిగాడు. తెల్లారేదాకా ఆ పెట్టె పక్కనే కూర్చున్నాడు.

వాడు రాగలిగింది విమానం ఉన్నందుకు మాత్రమే కాదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపుకి ఇంకా గడువుంది. లేకపోతే, వచ్చినవాడు మళ్లీ వెళ్లాలంటే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం ఎన్నాళ్లు కూర్చోవాలో తెలియదు. అన్న ఫ్రెండ్ ఒకతను ఆ భయంతోనే నాన్న అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాడు. అదే ఊరు, అంతే దూరం.

మీవాళ్లెవరైనా దూరాన ఉంటే, గడప నుంచి గడపకి ఓసారి లెక్కేసి పెట్టుకోండి. డైరెక్ట్ ఫ్లైట్ ఏ రోజుల్లో ఉంది, వీసా ఎప్పటిదాకా, ఎయిర్‌పోర్టుకు కారు ఎవరు తెస్తారు. ఆ రోజున అడిగేవాళ్లకు కిలోమీటర్లు అక్కర్లేదు. గంటలే కావాలి.