అలెప్పీ పడవలో విశ్రాంతి



గత నెల మేము నలుగురం కాపరులం కేరళ వెళ్ళి, అలెప్పీలో హౌస్‌బోటు ఎక్కి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళ మీద గడిపి వచ్చాం. ఫోటోలు చూసి చాలామంది సంతోషించారు. ఒక పెద్దాయన మాత్రం, "అయ్యగారూ, కూటాలకు వెళ్ళారేమో అనుకున్నాం, షికారుకా?" అని నవ్వుతూ అడిగారు. నవ్వుతూ అడిగినా అది మంచి ప్రశ్నే. వరి కంకి మీద ఉండి, ఏ వాయుగుండం ఎప్పుడు వస్తుందోనని రైతు ఆకాశం వంక చూసే నవంబరులో కాపరి పడవెక్కి విశ్రమించవచ్చా?

మార్కు సువార్త 6:30–34 చదవండి. శిష్యులు ఊళ్ళు తిరిగి సేవ చేసి వచ్చారు. వచ్చేపోయే జనంతో వారికి అన్నం తినడానికి కూడా తీరిక లేదు. అప్పుడు ప్రభువే వారిని ఏకాంత స్థలానికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు. అందరూ పడవెక్కి బయలుదేరారు. అయితే జనం ఒడ్డు వెంట పరుగెత్తి వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారు. అంటే శిష్యులకు దొరికిన విశ్రాంతి పడవలో ఉన్నంతసేపే. దిగగానే మళ్ళీ అయిదు వేలమందికి వడ్డన. కొంచెమే అయినా, ఆ విశ్రాంతి వారు అడిగి తీసుకున్నది కాదు, ప్రభువు పిలిచి ఇచ్చింది.

మా నలుగురిలో ఒకరిది బందరు, ఒకరిది గుడివాడ, ఇద్దరిది దివిసీమ. బైబిలు కాలేజీలో ఒకే గదిలో ఉన్నవాళ్ళం. విజయవాడలో ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు దిగాం. పడవ మీద పనివారు ముగ్గురు: నడిపే సరంగు, వంట చేసే ఆయన, తాళ్ళు చూసే కుర్రవాడు. మలయాళంలో నీళ్ళను 'వెళ్ళం' అంటారు. కుర్రవాడు గ్లాసులు పట్టుకుని "వెళ్ళం, వెళ్ళం" అంటుంటే గుడివాడ అయ్యగారు కంగారుపడి, "డబ్బు కట్టాక వెళ్ళమంటాడేమిటండీ!" అన్నారు. మధ్యాహ్నం దాకా అదే నవ్వు.

ఆ పడవల అసలు పేరు కెట్టువళ్ళం, అంటే కట్టిన పడవ. పాతకాలంలో మేకు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసేవారు. ధాన్యం, బియ్యం మోసిన పడవలవి. రోడ్లూ లారీలూ వచ్చాక పని పోతే, తర్వాతి రోజుల్లో గదులు కట్టి యాత్రికులకు ఇవ్వడం మొదలుపెట్టారు. చుట్టూ ఉన్న కుట్టనాడులో పొలాలు సముద్ర మట్టానికి దిగువన ఉంటాయి. గట్టు వేసి, నీరు తోడేసి వరి పండిస్తారు. మనం పడవలో ఎత్తున కూర్చుంటే చేలు కింద కనిపిస్తాయి. సముద్రపు ఉప్పునీరు చేలలోకి ఎక్కకుండా తన్నీర్‌ముక్కం దగ్గర అడ్డుకట్ట కట్టారు. ఉప్పునీటితో పోరాటం అంటే ఏమిటో నాగాయలంక, కోడూరు రైతుకు మేము చెప్పనక్కరలేదు.

మనకూ ఇలాంటి పడవలు ఉండేవి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలే మన రోడ్లు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవల్ని లాగేవారు. అవనిగడ్డలో, ఉయ్యూరులో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు పడవలోనే మకాం పెట్టి కాలువల వెంట గ్రామాలు తిరిగారు. కాబట్టి హౌస్‌బోటు మన సంఘాలకు కొత్తేమీ కాదు, సువార్త దాని మీదే వచ్చింది. మిషనరీల పేర్లు సమాధి రాళ్ళ మీద, బడుల గోడల మీద ఉన్నాయి. తాడు లాగిన వారి పేర్లు మనకు తెలియవు. దేవునికి తెలుసు.

సాయంత్రం అయిదున్నరకల్లా పడవను గట్టున కొబ్బరిచెట్లకు కట్టేశారు. రాత్రిపూట మత్స్యకారులు వలలు వేసుకుంటారు, ఇంజను పడవలు వారికి అడ్డం రాకూడదని అక్కడి నియమం. పాటలు పాడుకున్నాం, ప్రార్థన చేసుకున్నాం, పడుకున్నాం. పదకొండు దాటాక గాలి లేచి వర్షం మొదలైంది.

మాలో ఒకరి తల్లిగారు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. ఆ రాత్రి దివిసీమలో 10,000 మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మా మిత్రుడు ఆ తర్వాత నాలుగేళ్ళకు పుట్టారు. నవంబరులో గాలి లేస్తే ఆ తల్లి దీపం ఆర్పేది కాదు, పిల్లల చేతులు తన కొంగుకు ముడివేసుకుని తెల్లవార్లూ కూర్చునేది. ఆ భయం ఆయన పాలతో తాగారు. పడవ ఊగడం మొదలుకాగానే లేచి, దుప్పటి కప్పుకుని ముందు భాగంలోకి వెళ్ళి కూర్చున్నారు. మేమూ వెనకే వెళ్ళాం.

అక్కడ సరంగు తడుస్తూ తాళ్ళు బిగిస్తున్నాడు. బందరు అయ్యగారికి కాస్త తమిళం వచ్చు, దానితోనే మాటలు నడిచాయి. 2018 ఆగస్టు వరదల్లో కుట్టనాడు మునిగినప్పుడు ఇలాంటి పడవల్లోనే జనాన్ని అలెప్పీకి చేర్చారట. తానూ రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా ముసలివాళ్ళను ఎక్కించుకుని తిరిగానని చెప్పాడు. మా మిత్రుడు తన తల్లి సంగతి చెప్పారు. సరంగు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను మేలుకునే ఉంటాను. మీరు పడుకోండి" అన్నాడు.

ఆయన వెళ్ళి పడుకున్నారు. తెల్లవారి ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు. లేపడానికి మాకు మనసొప్పలేదు.

ప్రియులారా, మార్కు 4వ అధ్యాయంలో ప్రభువు తుపానులో దిండు మీద తల పెట్టి నిద్రపోయాడు. శిష్యులకు అది నిర్లక్ష్యంగా కనిపించింది. తండ్రి మేలుకుని ఉన్నాడని ఎరిగిన కుమారుడి నిద్ర అది. ఇశ్రాయేలును కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అని 121వ కీర్తన బోధిస్తుంది. ఆయన మేలుకున్నాడు గనుక మనం కన్ను మూయగలం. వరి కంకి మీద ఉన్న రైతుకైనా, అప్పు కట్టవలసిన అక్కకైనా, కాపరికైనా విశ్రాంతికి ఆధారం ఇదొక్కటే.

అయితే ఇంకొక మాట ఉంది. ఉదయం ఆ సరంగును, "నువ్వెప్పుడు నిద్రపోతావు?" అని అడిగాం. తొమ్మిదికి మమ్మల్ని దింపాలి, పడవ కడగాలి, మధ్యాహ్నానికి వేరేవాళ్ళు వస్తారు అన్నాడు. ఆ పూట టిఫిను దగ్గర ముగ్గురినీ బలవంతం చేసి మాతో కూర్చోబెట్టి మేమే వడ్డించాం. అది సరిపోదని తెలుసు. ద్వితీయోపదేశకాండము 5:14–15 చూడండి. విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసుడు ఉన్నాడు, దాసి ఉంది, ఎద్దు, గాడిద, మన ఊరిలో ఉన్న పరదేశి కూడా ఉన్నారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు గనుక, తమ కింద పనిచేసేవారికీ తమలాగే విశ్రాంతి ఇవ్వాలని కారణం కూడా దేవుడే చెప్పాడు. నా విశ్రాంతి ఇంకొకరి వీపు మీద నిలబడితే ఆజ్ఞ సగమే నెరవేరినట్టు.

ఇది మన మందిరం దాకా వచ్చే మాట. ప్రతి మొదటి ఆదివారం ప్రేమవిందు పెట్టుకుంటాం. మనం లోపల పాటలు పాడుతుంటే నలుగురైదుగురు అక్కలు వెనక పొయ్యి దగ్గర ఉంటారు. వారం పొడుగునా చేలో నాట్లకూ కోతలకూ వెళ్ళేది వాళ్ళే, ఇంట్లో వండేదీ వాళ్ళే. వాక్యం వారికి గోడ అవతలి నుంచి వినబడుతుంది. పెద్దలతో మాట్లాడాం. వచ్చే నెలనుంచి విందు నాడు శనివారం రాత్రే కూరలు తరగడం, ఆదివారం ఆరాధన అయ్యాక వండి వడ్డించడం మగవాళ్ళ పని. కాపరి కూడా గరిటె పట్టుకుంటాడు. భోజనం గంట ఆలస్యమవుతుంది, పప్పులో ఉప్పు ఎక్కువ కావచ్చు. ఓర్చుకోండి. అక్కలు మాత్రం ముందు వరుసలో కూర్చోవాలి.

ప్రార్థన: ప్రభువా, నీవు పిలిచినప్పుడు విశ్రమించే విశ్వాసం మాకివ్వు. మా కోసం మేలుకునే వారిని చూసే కళ్ళివ్వు. ఈ గాలివానల కాలంలో తీరం వెంట ఉన్న ప్రతి ఇంటినీ, సముద్రం మీద ఉన్న ప్రతి పడవనూ కాపాడు. కాపలా కాసేవారికీ ఒక రాత్రి నిద్ర దయచేయి. యేసు నామమున, ఆమేన్.