పిప్పి చూసి చెప్పొచ్చు

క్యారెట్ జ్యూస్ రుచి మిక్సీలో కాదు, కూరగాయల గంప దగ్గరే తేలిపోతుంది. సికింద్రాబాద్‌లో జ్యూస్ సెంటర్‌లో చేరిన కొత్తలో మా ఉస్తాద్ నన్ను మిషన్ ముట్టనివ్వలేదు. తెల్లవారుజామునే బోయినపల్లి మార్కెట్‌కు తీసుకెళ్లి క్యారెట్లు ఏరించేవాడు. విరిస్తే టక్కుమనాలి. వంగిందంటే నీరు పోయినట్టే. మరీ లావువి వద్దు, నడుమ కర్రలా ముదిరి ఉంటాయి. చలికాలంలో ఎర్రటి ఢిల్లీ క్యారెట్ దొరికితే వదలకండి, తీపి దానిదే. మిగతా నెలల్లో ఊటీ క్యారెట్ తీసుకోండి.

ఓ వేసవిలో, రోజూ మా దగ్గర తాగే ఒకావిడ "ఇంట్లో చేస్తే చేదొస్తోంది, మీరేం కలుపుతారు బాబూ?" అని అడిగారు. "ఫ్రిజ్‌లో దేని పక్కన పెడుతున్నారమ్మా?" అన్నాను. ఆపిల్స్‌తో కలిపి ఒకే అరలో పెడుతున్నారట. ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు తగిలితే క్యారెట్‌కు చేదు పడుతుంది. వేరుగా పెట్టమన్నాను. తర్వాత తెచ్చుకున్న క్యారెట్లతో ఆ గొడవ లేదు.

ఇక చేతిపని. అర కిలో తీసుకోండి. పచ్చగా ఉన్న తలభాగం కోసేయండి, అదీ చేదే. లేతవైతే చెక్కు తీయక్కర్లేదు, బాగా రుద్ది కడిగితే చాలు. చిన్న ముక్కలు తరగండి. ముందు నీళ్లు లేకుండా ఆపి ఆపి తిప్పండి. తర్వాతే అర గ్లాసు చల్లటి నీళ్లు, రెండు విడతలుగా. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి రసం తాజాదనం పోతుంది. మల్లుగుడ్డలో పోసి మెలిపెట్టి పిండండి.

అసలు పనితనం ఆ పిండడంలోనే ఉంది. ఉస్తాద్ నా జ్యూస్ రుచి చూసేవాడు కాదు. నేను పడేయబోయే పిప్పిని గుప్పిట్లో పట్టి నొక్కేవాడు. రసం కారితే మళ్లీ నా ముందే పెట్టేవాడు. ఒక్క చుక్క కూడా రాని రోజున "ఇక గ్లాసులు నువ్వే నింపు" అన్నాడు. ఇప్పుడు మా కుర్రాళ్లకూ నేను పెట్టే పరీక్ష అదే. పిండిన పిప్పిని దోసెపిండిలో కలపండి, పారేయొద్దు.

మంచి క్యారెట్‌కు చక్కెర అక్కర్లేదు. చిన్న అల్లం ముక్క ముందే వేసి తిప్పండి, నిమ్మరసం చివర్లో పిండండి. ఐస్ వేస్తే పలచబడుతుంది. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి, కాబట్టి టిఫిన్‌తో పాటు తాగండి. రోజూ పెద్ద గ్లాసులు తాగితే అరచేతులు పసుపెక్కుతాయి; తగ్గిస్తే అదే పోతుంది. వడకడితే పీచు చాలావరకు పోయి తీపి మిగులుతుంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే తాగాలి.

నిలవ పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. ఎంతమంది ఉంటే అంతే చేయండి, పిండిన వెంటనే తాగేయండి.