పాత స్కూలు బస్సు అమ్మబడును

అమెరికాలో ఉన్నవాళ్ళకి పసుపు స్కూలు బస్సు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆఫీసుకి లేటైన రోజే మన ముందు తగుల్తుంది. స్టాప్ బోర్డు చాపి ఎర్ర లైట్లు వెలిగించిందంటే, వెనకాల ఎంత గొప్పవాడి కారైనా కిక్కురుమనకుండా ఆగాల్సిందే. ఆ రంగు కూడా ఊరికే రాలేదు. 1939లో ఫ్రాంక్ సిర్ అనే ప్రొఫెసరు రాష్ట్రాల ప్రతినిధుల్నీ, బస్సులు తయారుచేసేవాళ్ళనీ కొలంబియా విశ్వవిద్యాలయంలో కూర్చోబెట్టి, బస్సు కొలతలతో పాటు రంగు కూడా ఖాయం చేయించాడు. పొద్దున్నే మసక వెలుతుర్లో కూడా బస్సు, దాని మీది నల్ల అక్షరాలు స్పష్టంగా కనబడాలని.

ఈ బస్సులు ముసలివైపోయాక స్కూలు డిస్ట్రిక్టు వాళ్ళు వేలం వేసేస్తారు. కొన్ని తుక్కుకి పోతాయి. కొన్ని గ్వాటెమాలా లాంటి దేశాలకెళ్ళి, రంగులు పూయించుకుని ఊళ్ళ మధ్య తిరుగుతాయి. ఇంకొన్నిటిని జనం కొనుక్కుని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, సింకు పెట్టుకుని ఇల్లు చేసుకుంటారు. వీటి ముద్దుపేరు 'స్కూలీ'. (ఆర్టీసీ పాత బస్సు కొని ఇలా చేద్దామా అని ఆశపడే హైదరాబాదు మిత్రులకి: మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటుంది. తయారీదారు చెప్పిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదర్దు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.)

మావాడొకడు అలాంటి బస్సే కొన్నాడు. ఇంజనీరింగులో నా రూమ్మేటు, ఇక్కడ ఒహాయోలో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉండేవాడు. 2022లో వేలంలో 4,200 డాలర్లకి పాడుకున్నాడు. వారాంతాల్లో పార్కులన్నీ తిరగాలని వాడి కోరిక. "అందులోనే ఉంటూ ఊరూరా తిరుగుతూ పనిచేసుకోవచ్చుగా" అని చాలామంది సలహా ఇచ్చారు. హెచ్-1బీ వాడికి అదెక్కడ కుదురుతుంది? పని చేసే చోటు ఫలానా అని కాగితాల్లో రాసి ఉంటుంది. ఆ మెట్రో ప్రాంతం దాటి పనిచేసే చోటు మారితే కంపెనీ మళ్ళీ పిటిషను వెయ్యాలి. ఉండే ఇల్లు మారితే పది రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళకి చెప్పాలి. ఇంటికి చక్రాలుంటే సరిపోదు, వీసాకి కూడా ఉండాలి :)

పోయిన ఏడాది వాడి ఉద్యోగం పోయింది. ఒక గురువారం, పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో. ఉద్యోగం పోయిన హెచ్-1బీ వాడికి 2017 నుంచి ఉన్న రూలు ప్రకారం ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. నెల రోజులు ఇంటర్వ్యూలు తిరిగి, ఇక ఇంటికెళ్ళిపోతానని తేల్చేశాడు. కారు రెండ్రోజుల్లో అమ్ముడుపోయింది. సోఫా, టీవీ ఎవరో పట్టుకెళ్ళారు. మిగిలింది 35 అడుగుల బస్సు. ఒహాయోలో బండి టైటిలు మీద అమ్మేవాడి సంతకం నోటరీ ముందు పెట్టాలి. అంటే వాడు విమానం ఎక్కేలోపే అమ్మాలి, లేదా ఇంకొకరికి పవరాఫటార్నీ రాసిచ్చి వెళ్ళాలి. వాడికి ఆ తలనొప్పి వెనకాల మోసుకుపోవడం ఇష్టంలేదు. ప్రకటన రాసే పని నాకప్పగించాడు.

రాద్దామని కూర్చుంటే మంచి విషయాలకి లోటు లేదు. 2002 మోడలు. ఇంజను ఇంటర్నేషనల్ వాళ్ళ డీటీ 466ఈ, 7.6 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు. లైనర్లు అరిగితే ఇంజను కిందకి దింపకుండానే మార్చుకోవచ్చు. 2007 ఉద్గార నిబంధనలకంటే ముందుది కాబట్టి పొగ ఫిల్టరు గొడవ లేదు. ఆలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. లోపల నిలువు 77 అంగుళాలు, ఆరడుగుల మనిషి తల వంచక్కర్లేదు. 1977లో వచ్చిన ఫెడరల్ ప్రమాణాల వల్ల రేకుల అతుకులు గట్టిగా ఉండాలి, బోల్తా పడితే పైకప్పు నలిగిపోకూడదు. అందుకే వీటికి అన్నేసి రివిట్లు. మావాడు సీట్లన్నీ పీకేశాడు, స్టాప్ బోర్డు, లైట్లు తీసేశాడు, ఆకుపచ్చ రంగు కూడా వేయించాడు. బడికి తిరగని బస్సు బడి రంగులో రోడ్డెక్కకూడదని ఒహాయోతో సహా చాలా రాష్ట్రాల్లో చట్టం.

ఫోటోలు తియ్యడానికి టార్చిలైటు పట్టుకుని కిందకి దూరాను. అప్పుడు కనబడింది. వెనక చక్రం పైన నేల రేకు తుప్పు పట్టి, అరచెయ్యంత మేర చిల్లుపడింది. ఈ చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, అది చేసే పనే ఇది. మావాడు నేల చెక్క ముందు సగమే లేపాడు కాబట్టి పైనుంచి ఏమీ తెలీదు.

"చూశావా?" అన్నాను.

"చూశాన్రా. అడిగితే చెబుదాం."

"అడక్కపోతే?"

"యాజ్ ఈజ్ అని రాస్తున్నాం కదరా. నాకున్నది ఇరవై రోజులు."

వాడిది తప్పని ఇంట్లో కూర్చుని అనడం తేలిక. ఉద్యోగం పోయి, దేశం వదిలి వెళ్తున్నవాడికి ప్రతి వంద డాలర్లూ లెక్కే. కానీ ఒక్క మాట అడిగాను. "ప్రొడక్షన్‌లో ఎక్కడ పేలుతుందో తెలిసి కూడా, కేటీలో ఆ ముక్క చెప్పకుండా ప్రాజెక్టు వదిలిపోయినవాణ్ణి మనం ఎన్ని రాత్రిళ్ళు తిట్టుకున్నాం?" వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, చిల్లు ఫోటో కూడా పెట్టు" అన్నాడు.

పెట్టాం. చిల్లు పక్కన టేపు పెట్టి, కొలత కనబడేలా.

మొదట వచ్చిన కుర్రాడు కింద చూడనేలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, పెద్ద స్టీరింగు తిప్పుతూ, మేమడిగిన 6,000 క్యాషు ఇప్పుడే ఇస్తానన్నాడు. ప్రకటనలో ఫోటోలు పూర్తిగా చూడలేదని తెలుస్తూనే ఉంది. మావాడే వాణ్ణి వెనక చక్రం దగ్గరకి తీసుకెళ్ళి చూపించాడు. కుర్రాడి మొహంలో ఆ వెలుగు పోయింది. ఆలోచించుకుని చెప్తానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అది 43వ రోజు. తిరిగొచ్చేటప్పుడు కారులో మావాడు నాతో మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు.

వారం తర్వాత ఒకావిడ వచ్చింది. ట్రావెల్ నర్సు. పదమూడు వారాలకో ఊళ్ళో ఆసుపత్రి కాంట్రాక్టు, వెంట ఏడేళ్ళ కూతురు. ఊరు మారినప్పుడల్లా కొత్త ఇంటికి డిపాజిట్టు కట్టలేక, బస్సులోనే ఉండిపోదామనుకుంటోంది. వాళ్ళ నాన్న రిటైరైన వెల్డరు. ఆయన ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని బస్సు కిందకి దూరి, గంటసేపు ప్రతి దూలాన్నీ పొడిచి చూశాడు. బైటికొచ్చి, మా ప్రకటనలో ఉన్న లోపాల జాబితా, తన దగ్గరున్న కాగితం పక్కపక్కన పెట్టుకుని చూశాడు. రెండిట్లోనూ అదే చిల్లు. అదొక్కటే.

అప్పుడు మేం స్కూలు డిస్ట్రిక్టు వాళ్ళిచ్చిన ఫైలు తీసి ఇచ్చాం. 20 ఏళ్ళ సర్వీసు చరిత్ర. ఆయిలు ఎప్పుడు మార్చారు, బ్రేకులు ఎప్పుడు వేశారు, అన్నీ తేదీలతో. ఆయన ఆ కాగితాలు తిరగేస్తుంటే నాకొకటి అర్థమైంది. ఇంజను లోపల ఏముందో ఆయనకి కనబడదు. గేర్‌బాక్సు విప్పి చూడలేడు. కనబడే చోట మేం నిజం చెప్పామని తేలింది కాబట్టే, కనబడని చోట ఆ కాగితాల్ని నమ్ముతున్నాడు. ఆ చిల్లు దాచి ఉంటే, ఆయన స్క్రూడ్రైవరుకి అది దొరికిన మరుక్షణం ఆ ఫైలంతా చిత్తుకాగితమయ్యేది.

5,300కి బేరం కుదిరింది. 700 తగ్గింది, ఆ రేకు కోసి కొత్తది అతకడానికి. వెల్డింగు ఆయనే చేసుకుంటానన్నాడు. 52వ రోజు నోటరీ ముందు మావాడు సంతకం పెట్టాడు. 58వ రోజు విమానం ఎక్కాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాడు.

ఇలాంటి బస్సుల ప్రకటనలు ఆ తర్వాత చాలా చదివాను. సూర్యాస్తమయం, కొండలు, కాఫీ కప్పు, స్వేచ్ఛ.. ఇవే ఉంటాయి. నేల కింద ఫోటో ఉన్నది పదింటికొకటి కూడా నాకు కనబడలేదు. కొనేవాళ్ళు కల చూసి వస్తారు, అందులో తప్పేం లేదు. కానీ ఆ పిల్ల పడుకునేది కలలో కాదు, ఆ రేకు మీద. అమ్మేవాడికి ఆ రేకు సంగతి తెలిసినప్పుడు, అడిగినా అడక్కపోయినా చెప్పడమే ధర్మం. 700 డాలర్లు పోయాయా అంటే పోయాయి. మావాడు ఇప్పటికీ ఆ లెక్క ఎత్తుతాడు, కానీ ఫోన్ చేసినప్పుడల్లా వాడే ముందు అడుగుతాడు, "ఆవిడ బస్సు ఎక్కడిదాకా వెళ్ళిందిరా?" అని.

ఆఖరుసారి తెలిసింది, న్యూ మెక్సికో.