చేతికందే బాబాసాహెబ్



మొన్న శామీర్‌పేటలో మన స్టడీ సర్కిల్‌కి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల బాబాసాహెబ్ ఉన్నాడు కదా, ఆ బొమ్మ చేసిందెవరు?" గదిలో ఇరవై మందిమి. ప్రారంభించిన ముఖ్యమంత్రి పేరు అందరికీ తెలుసు. చేసినాయన పేరు ఒక్కరూ చెప్పలేదు. అందుకే ఈ పోస్టు.

ఆయన పేరు రామ్ సుతార్. 1925లో మహారాష్ట్ర ధూలే జిల్లా గోండూరులో వడ్రంగి ఇంట్లో పుట్టాడు. మరాఠీలో సుతార్ అంటేనే వడ్రంగి. పేరు చివరి తోక చూసి కులం పసిగట్టే దేశం మనది, ఆయనకి చేతిపనే ఇంటిపేరైంది. ముంబై జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో బంగారు పతకం తెచ్చుకున్నాడు. 1950లలో పురావస్తు శాఖలో చేరి ఎల్లోరాలో దెబ్బతిన్న శిల్పాలను బాగుచేశాడు. గాంధీసాగర్ ఆనకట్ట దగ్గర 45 అడుగుల చంబల్ తల్లిని చేశాడు. ఆమె పక్కన ఇద్దరు పిల్లలు, ఒకరు మధ్యప్రదేశ్, ఒకరు రాజస్థాన్. (కృష్ణమ్మకీ అట్లాంటి బొమ్మ ఒకటి చేయిస్తే మన రెండు రాష్ట్రాలూ కొట్లాట ఆపుతాయేమో!) ఆ తర్వాత పార్లమెంటులో కూర్చున్న గాంధీ, 2018లో 182 మీటర్ల పటేల్, 2023 ఏప్రిల్ 14న మన బాబాసాహెబ్. గాంధీనీ అంబేడ్కర్‌నీ ఒకే చెయ్యి చేసింది. ఆ ఇద్దరి మధ్య పూనా ఒప్పందం నాడు ఏం జరిగిందో మనకు తెలుసు. శిల్పి తగువు తీర్చడు, అడిగినవాళ్ళకి బొమ్మ చేసిస్తాడు. అడిగింది ప్రభుత్వాలు.

అంత ఎత్తు విగ్రహాన్ని రాయిలో చెక్కరు. ముందు చిన్న నమూనా చేసి, దాన్ని పెంచి, లోపల ఉక్కు అస్థిపంజరం నిలబెట్టి, పైన కంచు తొడుగుతారు. కింద పార్లమెంటు ఆకారంలో 50 అడుగుల పీఠం. కంచు విగ్రహాన్ని ఎవడూ రాత్రికి రాత్రి లారీలో వేసుకుపోలేడు. ఈ మాట ఊరికే అనడం లేదు.

2019 ఏప్రిల్ 13, జయంతికి ఒక్కరోజు ముందు, పంజాగుట్ట కూడలిలో మనవాళ్ళు పెట్టుకున్న విగ్రహాన్ని అనుమతి లేదని తీసేశారు. తీసేసి చెత్త లారీలో మా పక్కనున్న జవహర్‌నగర్ డంప్‌యార్డుకి తెచ్చారు. గాలి ఇటు తిరిగితే ఆ గుట్ట వాసన మాకు తెలుస్తుంది. విరిగిన బాబాసాహెబ్‌ని ఫోన్‌లో చూసి ఆ రాత్రి మా వాడలో ఎవరికీ ముద్ద దిగలేదు. 125 అడుగుల విగ్రహానికి శంకుస్థాపన అయి అప్పటికి దాదాపు మూడేళ్ళు. అదే నగరం, అదే మనిషి బొమ్మ. ఒకటి సర్కారుది, ఒకటి మనది.

ఫ్రాన్స్‌లో రోడాన్ అని ఒక శిల్పి ఉండేవాడు. కలే పట్టణం ఆయనతో ఆరుగురు పౌరుల బొమ్మలు చేయించుకుంది. 1347లో పట్టణాన్ని కాపాడటానికి మెడకు ఉరితాళ్ళు వేసుకుని శత్రురాజు దగ్గరికి నడిచిపోయినవాళ్ళు వాళ్ళు. రోడాన్ వాళ్ళను వీరుల్లా చేయలేదు, చావుకి భయపడుతూనే నడుస్తున్న మనుషుల్లా చేశాడు. జనం వాళ్ళ పక్క నుంచి నడిచిపోయేలా నేల మీదే పెట్టమన్నాడు. పెద్దలు వినలేదు. 1895లో ఎత్తు పీఠం కట్టి, చుట్టూ కంచె వేశారు. ఆయన పోయిన ఏడేళ్ళకు, 1924లో, కిందికి దించారు.

మా వాడ విగ్రహం పీఠంతో కలిపి తొమ్మిదడుగులు. గ్రానైట్ క్వారీలో, అడ్డా మీద పనిచేసేవాళ్ళు తలా ఒక రోజు కూలి వేసుకున్నారు. మేడ్చల్ హైవే పక్క రేకుల షెడ్డులో ఒకాయన సిమెంటుతో చేసిచ్చాడు. దుప్పట్లు చుట్టి ట్రాలీ ఆటోలో తెచ్చాం. ముఖం అచ్చం బాబాసాహెబ్‌లా లేదు, కొంచెం మా బావలా ఉంటుంది. అయినా మా పెద్దవ్వ రెండు మెట్లెక్కి కొంగుతో ఆ కళ్ళద్దాలు తుడుస్తుంది. సుతార్ విగ్రహానికి దండ వేయాలంటే క్రేన్ రావాలి. దాన్ని తక్కువ చేయడం లేదు. సచివాలయం పక్కన అంత ఎత్తున మనవాడు నిలబడటం చూసి నా కళ్ళూ తడిశాయి. కానీ కళ్ళద్దాలు తుడవడం వేరు.

ఇప్పుడు మా విగ్రహం మోకాలి దగ్గర పెచ్చు ఊడింది. మళ్ళీ ఆ షెడ్డుకి పోయాం. రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది. ఫోన్ కలవడం లేదు. బొమ్మ మీద ఆయన పేరు చెక్కుకోలేదు, మాకు "మేస్త్రీ" అనే తెలుసు. కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది, ముక్కుపొడి పీలుస్తాడు. వేరే ఎవరితోనూ చేయించొద్దని పెద్దవ్వ పట్టుబట్టి కూర్చుంది. తూప్రాన్ వైపు కానీ, కొంపల్లి వైపు కానీ మీకెవరికైనా కనబడితే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.